వెబ్ అడ్రస్‌ను విడదీసి చదవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊళ్లో నెట్ సెంటర్ నడుపుతున్నాను. రోజూ ఒక్కరైనా ఫోన్ నా ముందు పెట్టి "ఈ లింకు నిజమైనదేనా, కాస్త చూసి చెప్పండి" అని అడుగుతారు. నేను చూసేది పేజీ మీది బొమ్మల్ని కాదు, పైనున్న ఒక్క లైన్‌ని. ఆ లైన్ చదవడానికి చదువులేమీ అక్కర్లేదు, పావుగంట ఓపిక ఉంటే చాలు. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను. అడ్రస్‌లన్నీ తెలుగు అక్షరాల్లోనే రాశాను. ఫోన్‌లో అవి ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి.

వెబ్ అడ్రస్ అంటే ఏంటి? యూఆర్‌ఎల్ అన్నా అదేనా?

అదే. ఇంటర్నెట్‌లో ఒక పేజీ, ఒక ఫోటో, ఒక పీడీఎఫ్ ఎక్కడుందో చెప్పే చిరునామాను యూఆర్‌ఎల్ అంటారు. మనం మాటల్లో లింకు అంటాం. బ్రౌజర్ పైన అది కనిపించే గడిని అడ్రస్ బార్ అంటారు. టిమ్ బెర్నర్స్-లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో 1989లో వెబ్‌ను ప్రతిపాదించాడు. ఈ చిరునామా పద్ధతి కూడా ఆయన మొదలుపెట్టిందే.

ఒక అడ్రస్‌లో ఏయే భాగాలుంటాయి?

తెలుగు వికీపీడియాలో తిరుపతి గురించిన పేజీ తీసుకుందాం.

హెచ్‌టీటీపీఎస్://టీఈ.వికీపీడియా.ఆర్గ్/వికీ/తిరుపతి#చరిత్ర

మొదటి ముక్క హెచ్‌టీటీపీఎస్. ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో అది చెబుతుంది. తర్వాత కోలన్, రెండు స్లాష్‌లు. అక్కడి నుంచి మూడో స్లాష్ దాకా ఉన్నది సైటు పేరు: టీఈ.వికీపీడియా.ఆర్గ్. ఇందులో టీఈ అంటే తెలుగు. మూడో స్లాష్ తర్వాత వచ్చేది ఆ సైటు లోపలి దారి: వికీ అనే చోట తిరుపతి అనే పేజీ. చివర హ్యాష్ గుర్తు తర్వాత ఉన్న మాట, ఆ పేజీలో చరిత్ర అనే శీర్షిక దగ్గరికి తీసుకెళ్లమని బ్రౌజర్‌కి చెబుతుంది. కొన్ని అడ్రస్‌లలో ప్రశ్న గుర్తు, దాని వెనక మరికొంత సమాచారం కూడా ఉంటాయి. వాటి సంగతి కింద వస్తుంది.

ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే మూడో స్లాష్‌ని గుర్తుంచుకోండి. దానికి ముందున్నది మీరు ఎవరి ఇంటికి వెళ్తున్నారో చెబుతుంది. తర్వాతదంతా ఆ ఇంట్లో గదులు. గదికి ఏ పేరైనా ఆ ఇంటివాళ్లే పెట్టుకుంటారు, దాన్ని చూసి నమ్మడానికి లేదు.

ఆ రెండు స్లాష్‌లు ఎందుకు?

నిజానికి అంత అవసరమేమీ లేదు. 2009లో బెర్నర్స్-లీని అడిగితే, మళ్లీ మొదటి నుంచి చేసే అవకాశం ఉంటే ఆ రెండు స్లాష్‌లు పెట్టేవాణ్ణి కాదని చెప్పాడు. ఇప్పుడు బ్రౌజర్లే వాటిని వేసుకుంటాయి కాబట్టి మనం టైపు చేయనక్కర్లేదు. మూడో స్లాష్ లెక్క కూడా ఈ రెండింటినీ కలుపుకుని చెప్పినదే. ఫోన్‌లో క్రోమ్ ముందున్న హెచ్‌టీటీపీఎస్‌ని, ఈ స్లాష్‌లని దాచేస్తుంది. అప్పుడు మీకు కనిపించే మొదటి స్లాష్ అసలు లెక్కలో మూడోది.

హెచ్‌టీటీపీకి, హెచ్‌టీటీపీఎస్‌కి తేడా ఏంటి? తాళం గుర్తు ఉంటే సైటు నిజమైనదేనా?

చివరి ఎస్ అంటే సెక్యూర్. మీ ఫోన్‌కి, ఆ సైటుకి మధ్య నడిచే మాట దారిలో ఎవరూ చదవలేని గూఢలిపిలో వెళ్తుంది. ఎస్ లేకపోతే అది పోస్టుకార్డు లాంటిది, చేతులు మారిన ప్రతిచోటా చదివేయవచ్చు. పాస్‌వర్డ్, ఓటీపీ, కార్డు నంబరు అడిగే పేజీకి ఎస్ లేకపోతే అక్కడే ఆగిపోండి.

అయితే ఎస్ ఉన్నంత మాత్రాన అవతల ఉన్నది మంచివాళ్లని కాదు. మోసగాడికి రాసిన ఉత్తరాన్ని కూడా కవరులో పెట్టి అంటించవచ్చు కదా. ఈ ఎస్, తాళం గుర్తు రావాలంటే సైటుకి ఒక సర్టిఫికెట్ ఉండాలి. 2015లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఆ సర్టిఫికెట్లను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. చిన్న సైట్లకి అది నిజంగా మేలు చేసింది. కానీ నకిలీ సైటు పెట్టేవాళ్లు కూడా నిమిషాల్లో తాళం తెచ్చుకోగలుగుతున్నారు. జనం తాళాన్ని భరోసాగా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ అడ్రస్ బార్‌లో తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టింది. "తాళం ఉందండీ, భయం లేదు" అని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మకండి.

సైటు పేరును ఎటు నుంచి చదవాలి?

కుడి నుంచి ఎడమకి. ఇదొక్కటి అలవాటైతే సగం మోసాలు మీ దగ్గరికి రావు.

మనం ఉత్తరం మీద చిరునామా రాసేటప్పుడు ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, జిల్లా అని చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్తాం. సైటు పేరు కూడా అంతే, అన్నిటికన్నా పెద్దది చివర ఉంటుంది. తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది. సైటు పేరులో మాత్రం ఇంటిపేరు చివర వస్తుందనుకోండి. ఎడమవైపు ఎన్ని పేర్లు తగిలించినా ఇంటిపేరు మారదు.

తిరుమల తిరుపతి దేవస్థానాల అసలు సైటు చూడండి: టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్. మొదట రెండు టీలు, వెంటనే దేవస్థానమ్స్. టీటీడీలోని డీ, దేవస్థానంలోని డీ ఒక్కటే అయిపోయాయి. ఇక కుడి చివర నుంచి రండి. ఇన్ అంటే భారతదేశం. గవ్ అంటే ప్రభుత్వం. ఏపీ అంటే రాష్ట్రం. అప్పుడు దేవస్థానాలు. దేశం, ప్రభుత్వం, రాష్ట్రం, సంస్థ, ఒక్కో గేటూ దాటుకుంటూ లోపలికి వచ్చినట్టుంది.

ఇప్పుడు నేను కల్పించిన ఒక నకిలీ అడ్రస్ చూడండి: టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్.రూమ్‌బుకింగ్.ఎక్స్‌వైజెడ్. ఎడమ నుంచి చదివితే గవ్.ఇన్ దాకా కళ్లు సంతృప్తిపడి ఆగిపోతాయి. ఫోన్ స్క్రీన్ చిన్నది కాబట్టి చివరి భాగం కనబడకపోవచ్చు కూడా. కుడి నుంచి చదివితే చివర ఎక్స్‌వైజెడ్, దాని ముందు రూమ్‌బుకింగ్. అంటే ఇది రూమ్‌బుకింగ్ అనేవాడి ఇల్లు. టీటీదేవస్థానమ్స్, ఏపీ, గవ్, ఇన్ అన్నీ వాడు తన ఇంట్లో గోడ మీద రాసుకున్న పేర్లు.

ఇంకో రకం కూడా ఉంది: టీటీదేవస్థానమ్స్-ఏపీ-గవ్.ఇన్. ఇక్కడ చుక్కల చోట హైఫన్లు వచ్చాయి. హైఫన్ గేటు కాదు, పేరులో ఒక అక్షరం లాంటిది. ఇదంతా కలిపి ఒకే పేరు, చివర ఇన్. ఇన్‌తో ముగిసే పేరు ఎవరైనా కొన్ని వందల రూపాయలకి కొనుక్కోవచ్చు.

మా వీధిలో ఒక కుటుంబం ఇలాంటి సైటులోనే కొండ మీద గదికి డబ్బు కట్టింది. తీరా పైకి వెళ్లాక ఆ పేరుతో గదే లేదని తెలిసింది. పెద్దావిడ, చంటిపిల్ల, రాత్రి చలి. వాళ్లు తిరిగొచ్చి నా దగ్గర కూర్చుని ఆ లింకు చూపించినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. చివరి రెండు ముక్కలు చదివుంటే సరిపోయేది. ఈ పేజీ రాయడానికి అదే కారణం.

గవ్.ఇన్ ఉంటే నమ్మవచ్చా? లేకపోతే నకిలీయేనా?

సైటు పేరు సరిగ్గా చుక్క గవ్ చుక్క ఇన్‌తో ముగిస్తే అది ప్రభుత్వానిదే. ఆ పేర్లను నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ ప్రభుత్వ సంస్థలకి మాత్రమే ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రికార్డులకి మీభూమి.ఏపీ.గవ్.ఇన్, తెలంగాణలో భూభారతి.తెలంగాణ.గవ్.ఇన్, బండి చలానాకి ఈచలాన్.పరివాహన్.గవ్.ఇన్ అన్నీ ఈ కోవలోవే. కాలేజీలు, యూనివర్సిటీలకి ఇచ్చే ఏసీ.ఇన్ కూడా ఇలాగే అడిగిన ప్రతివాడికీ దొరకదు.

తిరగేసి చెప్పడం మాత్రం కుదరదు. రైలు టికెట్ల ఐఆర్‌సీటీసీ.సీఓ.ఇన్ అసలైనదే, కానీ గవ్.ఇన్ కాదు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ టికెట్ల సైటు ఏపీఎస్‌ఆర్‌టీసీఆన్‌లైన్.ఇన్ కూడా అంతే. ఇలాంటివాటి సరైన పేరు ఒకసారి రూఢి చేసుకుని బుక్‌మార్క్ పెట్టుకోండి. ప్రతిసారీ గూగుల్‌లో వెతికి మొదట కనబడినదాన్ని నొక్కకండి. పైన స్పాన్సర్డ్ అని వచ్చేవి డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలు.

బ్యాంకుల అడ్రస్‌లు ఈమధ్య మారాయి. అది మోసమా?

మోసం కాదు, మంచి మార్పు. రిజర్వ్ బ్యాంకు 2025లో మన దేశంలోని బ్యాంకులన్నీ బ్యాంక్.ఇన్‌తో ముగిసే అడ్రస్‌లకి మారాలని ఆదేశించింది. అందుకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. ఉదాహరణకి స్టేట్ బ్యాంకుది ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్. ఈ పేర్లు ఇచ్చే పని ఒకే ఒక సంస్థకి అప్పగించారు. అది మన హైదరాబాద్‌లోనే ఉంది. రిజర్వ్ బ్యాంకు 1996లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివాళ్లు ఎంత డబ్బిచ్చినా అక్కడ పేరు దొరకదు.

అంటే ఇక బ్యాంకు లింకు చూడటం తేలిక. మూడో స్లాష్ ముందు చుక్క బ్యాంక్ చుక్క ఇన్ ఉందా లేదా? మళ్లీ చెబుతున్నాను, మూడో స్లాష్‌కి సరిగ్గా ముందు ఉండాలి. ఎక్కడో మధ్యలో ఉంటే లెక్కలోకి రాదు.

డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ తప్పనిసరా?

కాదు. ఒకప్పుడు ఒక సంస్థలో మెయిల్‌కి ఒక కంప్యూటర్, వెబ్‌కి ఒక కంప్యూటర్ ఉండేవి. వెబ్ నడిపే దానికి డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ అని పేరు పెట్టేవాళ్లు. అది అలవాటుగా మిగిలిపోయింది. చాలా సైట్లు రెండు రకాలుగానూ తెరుచుకుంటాయి. అయితే కొన్ని సైట్లను సరిగ్గా అమర్చక ఒక రకంగానే తెరుచుకుంటాయి. పరీక్ష ఫలితాల రోజు సైటు రాలేదని టెన్షన్ పడేముందు రెండో రకంగా ఒకసారి ప్రయత్నించండి.

చుక్క కామ్, చుక్క ఆర్గ్, చుక్క టీవీ, చుక్క ఏఐ... వీటి అర్థం ఏంటి?

కామ్ అంటే కమర్షియల్, ఆర్గ్ అంటే ఆర్గనైజేషన్. ఈ రెండూ ఇప్పుడు ఎవరైనా కొనుక్కోవచ్చు. కాబట్టి ఆర్గ్ ఉంది కదా సేవాసంస్థేనని అనుకోనక్కర్లేదు.

రెండక్షరాలవి దేశాలవి, ప్రాంతాలవి. మనది ఇన్. టీవీ అంటే టెలివిజన్ కాదు, పసిఫిక్ సముద్రంలోని తువాలు అనే చిన్న ద్వీపదేశం. ఏఐ కరేబియన్‌లోని అంగ్విల్లాది. పొడవాటి లింకుల్ని చిన్నవి చేసే బిట్.ఎల్‌వైలో ఎల్‌వై లిబియాది, యూట్యూబ్ చిన్న లింకుల్లో ఉండే బీఈ బెల్జియంది.

పేరు టైపు చేస్తే ఆ కంప్యూటర్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్లకి పేర్లు కాదు, నంబర్లు తెలుసు. ఫోన్‌లో మనం పేరు నొక్కితే నంబరుకి కాల్ వెళ్లినట్టే ఇక్కడా. ఇంటర్నెట్ తొలి రోజుల్లో అమెరికాలో ఒకచోట ఒకే జాబితా ఉండేది. అందులో పేర్లు, వాటి నంబర్లు రాసి అందరూ నకలు తెచ్చుకునేవాళ్లు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ జాబితాని సర్దడం కష్టమైంది. 1983లో పాల్ మోకాపెట్రిస్ దాని బదులు డీఎన్‌ఎస్ అనే ఏర్పాటు రూపొందించాడు.

అది కూడా కుడి నుంచి ఎడమకే నడుస్తుంది. మీభూమి.ఏపీ.గవ్.ఇన్ కావాలంటే, ముందు అన్నిటికీ పైనున్న సర్వర్‌ని, అంటే అడిగినదానికి జవాబిచ్చే కంప్యూటర్‌ని, ఇన్ ఎవరు చూసుకుంటారని అడగాలి. వాళ్లు గవ్.ఇన్ సర్వర్ ఎక్కడుందో చెబుతారు. అలా ఒక్కో మెట్టు దిగుతూ వచ్చి చివరికి నంబరు దొరుకుతుంది. కొత్త ఊళ్లో బస్టాండ్‌లో పేట అడిగి, పేటలో వీధి అడిగి, వీధిలో ఇల్లు అడిగినట్టు. ఇదంతా కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. ఒకసారి తెలిశాక కొంతకాలం గుర్తుపెట్టుకుంటారు కూడా.

మూడో స్లాష్ తర్వాత వచ్చే భాగం?

ఇక్కడ వరస తిరగబడుతుంది. సైటు పేరులో చిన్నది ముందు, పెద్దది చివర అనుకున్నాం. స్లాష్ తర్వాత పెద్దది ముందు, చిన్నది చివర. ఇంటి లోపలికి వచ్చాక హాలు, హాల్లోంచి గది, గదిలో బీరువా అన్నట్టు.

ఇంకో తేడా కూడా ఉంది. సైటు పేరులో ఇంగ్లీషు పెద్ద అక్షరాలైనా చిన్న అక్షరాలైనా ఒకటే. స్లాష్ తర్వాత మాత్రం చాలా సైట్లలో అవి వేరు వేరు. ఎవరైనా కాగితం మీద రాసిచ్చిన లింకు "పేజీ దొరకలేదు" అని చెబితే ముందు ఇది చూసుకోండి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. లింకు చివర చుక్క ఏపీకే అని ఉంటే అది పేజీ కాదు, ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్. బండి చలానా అనో పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను దయచేసి తెరవకండి. మీకు తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే. వాళ్ల ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండి ఉండవచ్చు. శుభలేఖ ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు.

తెలుగు పేజీ లింకు పంపితే శాతం గుర్తులతో మూరెడు పొడవు అవుతుంది. ఎందుకు? అది వైరస్సా?

వైరస్ కాదు. అది మన తెలుగే, వేషం మారింది అంతే.

వెబ్ అడ్రస్‌ల నియమాలు రాసినప్పుడు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులకే చోటిచ్చారు. మిగతా భాషల అక్షరాలు రావాలంటే ఒక్కో అక్షరాన్ని దాని సంకేతంగా మార్చి, ముందు శాతం గుర్తు పెట్టి రాయాలి. త అనే అక్షరం %ఈ0%బీ0%ఏ4 అవుతుంది. అంటే ఒక్క త కోసం తొమ్మిది గుర్తులు. గుణింతం గుర్తులకి కూడా విడిగా తొమ్మిదేసి. తిరుపతి అనే మాటలో త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి కలిపి 7 ఉన్నాయి. ఏడు తొమ్మిదులు 63. నాలుగక్షరాల మాట అలా 63 గుర్తుల తోక అవుతుంది.

దీన్ని గుర్తుపట్టడం కూడా సులువే. %ఈ0%బీ0, %ఈ0%బీ1 అని పదే పదే వస్తుంటే అది తెలుగు. %ఈ0%ఏ4, %ఈ0%ఏ5 అయితే హిందీ. నాకు ఇది తెలిసిన రోజు చాలా సంతోషం వేసింది. అర్థం లేని చెత్త అనుకున్నదాని వెనక మన అక్షరాలు ఒక్కోటీ లెక్క తప్పకుండా నిలబడి ఉన్నాయి కదా.

అడ్రస్ బార్‌లో తెలుగులోనే కనిపిస్తుంది. కాపీ చేసినప్పుడు ఈ రూపంలోకి మారుతుంది. పంపేటప్పుడు ఒక్క గుర్తు తెగిపోయినా లింకు పనిచేయదు, అందుకే మొత్తం కాపీ చేయండి.

ప్రశ్న గుర్తు తర్వాత వచ్చేదంతా ఏంటి? తీసేయవచ్చా?

పేజీకి మనం ఇచ్చే అదనపు సమాచారం. గూగుల్‌లో వెతికినప్పుడు అడ్రస్‌లో క్యూ అని, ఈక్వల్ టు గుర్తు, దాని పక్కన మీరు వెతికిన మాట ఉంటాయి. యూట్యూబ్‌లో వీ పక్కన ఉండే 11 గుర్తులు ఆ వీడియో నంబరు. టీ పక్కన 90 అని ఉంటే 90వ సెకను నుంచి మొదలవుతుంది. ఒకటి కంటే ఎక్కువ ఉంటే మధ్యలో అండ్ గుర్తు పెడతారు.

కొన్ని మాత్రం మీ కోసం కాదు, మిమ్మల్ని గమనించడానికి. యూటీఎం అని మొదలయ్యేవి మీరు ఏ ప్రకటన నుంచి, ఏ మెయిల్ నుంచి వచ్చారో లెక్క కడతాయి. ఫేస్‌బుక్ నుంచి బయటికి వెళ్లే లింకులకి ఎఫ్‌బీసీఎల్‌ఐడీ అని తగులుతుంది. ఇవి తీసేసినా పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది. నేను ఎవరికైనా వార్త పంపేముందు ప్రశ్న గుర్తు నుంచి చివరిదాకా చెరిపి, ఒకసారి తెరిచి చూసి పంపుతాను. యూట్యూబ్ వీడియోలో వీ భాగం మాత్రం ఉంచాలి, అది పోతే వీడియోనే ఉండదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పాస్‌వర్డ్ మార్చుకోవడానికి మెయిల్‌లో వచ్చే లింకు, లాగిన్ లింకు ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. ఆ పొడవాటి తోకలోనే తాళంచెవి ఉంటుంది. లింకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు లోపలికి వెళ్లిపోతారు.

హ్యాష్ గుర్తు?

పేజీలో ఒకచోటికి తీసుకెళ్లడానికి. హ్యాష్ తర్వాతి భాగం అవతలి సర్వర్‌కి వెళ్లదు, మీ బ్రౌజర్ దగ్గరే ఆగిపోతుంది.

లింకు మధ్యలో ఎట్ ద రేట్ గుర్తు ఉంటే?

మూడో స్లాష్‌కి ముందుందా, తర్వాతుందా చూడండి. తర్వాత ఉంటే ఫర్వాలేదు, యూట్యూబ్ ఛానెళ్ల పేర్లు ఎట్ ద రేట్‌తోనే మొదలవుతాయి.

ముందు ఉంటే జాగ్రత్త. పాత నియమం ప్రకారం ఆ చోట ఎట్ ద రేట్‌కి ముందున్నది యూజర్ పేరు, తర్వాతున్నది సైటు. హెచ్‌టీటీపీఎస్://మీబ్యాంకు.బ్యాంక్.ఇన్@గిఫ్ట్‌లింక్.ఎక్స్‌వైజెడ్ అని నేను కల్పించిన లింకు నొక్కితే మీరు వెళ్లేది గిఫ్ట్‌లింక్ ఇంటికి. బ్యాంకు పేరు ఎర మాత్రమే. ఇప్పుడు అసలు సైట్లేవీ ఈ పద్ధతి వాడటం లేదు కాబట్టి అక్కడ ఆ గుర్తు కనిపిస్తే మూసేయండి.

అక్షరాల మోసం కూడా ఇలాంటిదే. ఇంగ్లీషు చిన్న ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగా కనిపిస్తాయి. ఓ బదులు సున్నా, ఎల్ బదులు ఒకటి పెడతారు. రష్యన్ లిపిలోని ఏ అక్షరం ఇంగ్లీషు ఏకి కవల. 2017లో ఒక పరిశోధకుడు ఆ లిపి అక్షరాలతో యాపిల్ కంపెనీ పేరులాగే కనిపించే అడ్రస్ చేసి చూపించాక బ్రౌజర్లు జాగ్రత్త పెంచాయి. కంటికి దొరకని తేడా ఉంటుంది కాబట్టి, డబ్బు విషయంలో ఎవరో పంపిన లింకు నొక్కకుండా మీరే పేరు టైపు చేయడం మేలు.

చిన్న లింకులు, క్యూఆర్ కోడ్‌ల సంగతేంటి?

చిన్న లింకు మీద అసలు ఇంటి పేరు కనిపించదు, ఎక్కడికి తీసుకెళ్తుందో తెరిచేదాకా తెలియదు. తెలియనివాళ్లు పంపితే నేను తెరవను. తెరవాల్సి వస్తే, పేజీ వచ్చాక అడ్రస్ బార్‌లో మళ్లీ కుడి నుంచి చదువుతాను. ఫోన్‌లో మామూలు లింకు మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలాసార్లు తెరవకుండానే అడ్రస్ మొత్తం కనిపిస్తుంది.

క్యూఆర్ కోడ్‌లో కూడా ఉండేది చాలావరకు అడ్రస్సే. కిరాణా కొట్లో డబ్బు కట్టడానికి స్కాన్ చేసే కోడ్‌ని విప్పి చూస్తే యూపీఐ://పే?పీఏ=... అని ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ ఉండాల్సిన చోట యూపీఐ ఉంది, అందుకే ఫోన్ బ్రౌజర్ బదులు పేమెంట్ యాప్ తెరుస్తుంది. పీఏ అంటే డబ్బు ఎవరికి చేరాలో వాళ్ల యూపీఐ ఐడీ, పీఎన్ అంటే వాళ్ల పేరు, ఏఎమ్ అంటే ఎంత మొత్తం. పే అనే మాట అందులోనే ఉంది చూడండి, అది కట్టడానికి చేసిన అడ్రస్. "డబ్బు మీ ఖాతాలో పడాలంటే ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవరన్నా అడిగితే వాళ్లు మీ డబ్బు తీసుకోబోతున్నారు. డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. కొట్లో కూడా పిన్ కొట్టేముందు తెర మీద వచ్చిన పేరు చదవండి. అసలు కోడ్ మీద వేరే స్టిక్కర్ అంటించే దొంగలున్నారు.

సైటు పేరే తెలుగులో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. మన దేశానికి చుక్క ఇన్‌తో పాటు చుక్క భారత్ అని తెలుగు లిపిలో కూడా ఉంది. హిందీ, తమిళం, ఉర్దూ లాంటి లిపుల్లోనూ ఉన్నాయి. ఇన్‌ని చూసుకునే నిక్సీ సంస్థే వీటినీ చూసుకుంటుంది. లోపల మాత్రం డీఎన్‌ఎస్‌కి ఇంగ్లీషు అక్షరాలే తెలుసు కాబట్టి తెలుగు పేరు ఎక్స్‌ఎన్, రెండు హైఫన్లు, ఆ తర్వాత కొన్ని అక్షరాలుగా మారుతుంది. దాన్ని ప్యూనీకోడ్ అంటారు. మీరు తెలుగు పేరు టైపు చేస్తే ఎక్స్‌ఎన్ అని కనబడితే కంగారుపడకండి. ఇంగ్లీషు పేరు అనుకుని నొక్కిన లింకులో అది కనబడితే మాత్రం ఆగండి.

తెలుగు పేర్లతో సైట్లు ఇంకా చాలా తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు రాని మా అమ్మ లాంటివాళ్లు కూడా సైటు పేరు తమంతట తాము చదువుకోగలిగే రోజు రావాలని నాకు గట్టిగా ఉంది. ఊరి పంచాయతీ సైటు, బడి సైటు తెలుగు పేరుతో ఉంటే ఎంత బాగుంటుంది!

నకిలీ సైటులో వివరాలు ఇచ్చేశాను. ఇప్పుడేం చేయాలి?

సిగ్గుపడుతూ కూర్చోకండి, ప్రతి నిమిషం విలువైనది. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయండి, అది దేశమంతటికీ సైబర్ మోసాల హెల్ప్‌లైన్. మీ బ్యాంకుకీ చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. బ్యాంకు నంబరు కోసం గూగుల్‌లో వెతకకండి, కార్డు వెనకో పాస్‌బుక్ మీదో ఉన్నదే వాడండి. ఫిర్యాదు రాతపూర్వకంగా సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఇవ్వవచ్చు. ఆ లింకును, డబ్బు కట్టిన రసీదును చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. స్క్రీన్‌షాట్‌లో అడ్రస్ బార్ పూర్తిగా కనబడేలా చూసుకోండి. ఆ సైటు ఎవరు కొన్నారో పోలీసులు వెతికేది ఆ పేరు పట్టుకునే.